ప్రార్థన వేళ ఆపేసిన రికార్డరు

మేం మాటలు రికార్డు చేస్తున్న ముసలావిడ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా భాషల ప్రాజెక్టులో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఫోన్ చేసి చెప్పవచ్చు, చెప్పలేదు. ఇర్వింగ్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్లు ఆదివారం మధ్యాహ్నం తమ హాలు ఇస్తారు. ఆ వేళ ఆరాధన ముగిసి, అందరం కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తుంటే ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి కనిపించింది. వాళ్లది హిందూ కుటుంబం, పుట్టి పెరిగింది ప్లేనోలో. చర్చి గడప ఎప్పుడూ తొక్కలేదు. చెప్పులు విప్పాలో అక్కర్లేదో తెలియక నేలవంకా నావంకా చూస్తోంది.

దగ్గరికి వెళ్లాక, "ఆంటీ, షీ పాస్డ్. నిన్న మార్నింగ్," అంది.

దగ్గర ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఎవరూ లేరట. ఉత్తరాలు తెచ్చే ఆయన చూశాడట. మడిచిన కుర్చీ నా చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్లే దాన్ని మెల్లగా తీసుకుని గోడ దగ్గర పెట్టింది.

ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు మీరు నాకన్నా చాలా చదువుకున్నారు. నేను రికార్డింగులు విని రాసే మనిషిని, అంతే. అయినా, నా ఉద్యోగంలో నేను చేసిన ఒక తప్పు గురించి మీకు చెప్పాలి. అది తప్పేనా అన్నది ఇప్పటికీ నాకు తెగలేదు.

నాకు చిన్నప్పుడు జ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది. బడికి పంపితే ఆయాసపడుతుందని డాక్టరు వద్దన్నాడు. అమ్మే నాకు బడి. సాయంత్రం పక్కింటి సంస్కృతం మేష్టారు వచ్చి, ఏకవచనం, ద్వివచనం, బహువచనం అని వేళ్లు చూపిస్తూ చెప్పేవారు. ఒకటికి ఒక రూపం, రెండుకి ఒకటి, రెండు దాటితే ఇంకొకటి. రెండుకి విడిగా ఎందుకండీ అంటే, నవ్వి ఊరుకున్నారు. ప్రైవేటుగా పరీక్షలు రాశాను. పెళ్లయి మా వారి ఉద్యోగం వెంట టెక్సస్ వచ్చాక, డాక్టర్లు మైకులో చెప్పింది ఇంట్లో కూర్చుని టైపు చేసే పని చాలా ఏళ్లు చేశాను. అలా చెవి పదునెక్కింది. ఆ చెవిని చూసే ఒక యూనివర్సిటీవాళ్లు నన్ను తమ భాషల ప్రాజెక్టులోకి తీసుకున్నారు. డిగ్రీ లేని నన్ను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ చేతికిచ్చిన ఆ ప్రొఫెసర్‌గారిని ఈ రోజుకీ ప్రార్థనలో తలుచుకుంటాను.

ఆ ద్వివచనం మళ్లీ నాకు అక్కడే ఎదురైంది, స్లావిక్ భాషల్లో. రష్యన్, పోలిష్, చెక్ వంటి భాషలన్నిటికీ ఒకప్పుడు ఇద్దరికి వేరే రూపాలుండేవట. తరాలు గడిచేకొద్దీ చాలా భాషల్లో అవి బహువచనంలో కలిసిపోయాయి. కళ్లు, చెవులు, చేతులు లాంటి జంటల పేర్లలోనో, రెండు అని లెక్కపెట్టినప్పుడో వాటి ఆనవాళ్లు మిగిలాయి. స్లోవీన్, సోర్బియన్ లాంటి ఒకటి రెండు భాషలు మాత్రం దాన్ని వదల్లేదు. సోర్బియన్ జర్మనీ తూర్పువైపు మాట్లాడే చిన్న భాష. ముత్తాతల కాలంలో ఆ భాషవాళ్లు కొన్ని కుటుంబాలు విశ్వాసం కోసం ఓడెక్కి టెక్సస్ వచ్చి, ఆస్టిన్‌కి తూర్పున పొలాలు చేసుకున్నారు. చర్చిలో మొదట సోర్బియన్, తర్వాత జర్మన్, తర్వాత ఇంగ్లీషు అయ్యాయి. మా ప్రాజెక్టుకు దొరికినంతలో, ఆ భాష ఇంట్లో నేర్చుకున్నవాళ్లలో మిగిలింది ఒక్క ముసలావిడ.

మా అమ్మాయి థీసిస్ దీని మీదే. ('మా అమ్మాయి' అంటున్నాను కానీ నాకు పిల్లల్లేరు. ప్రాజెక్టులో ఆ పిల్ల నన్ను ఆంటీ అనేది, నాకది చాలు.) వలస వచ్చిన ఊళ్లో ఈ 'ఇద్దరం' అనే రూపం ఎలా పోయిందో మూడు తరాల రికార్డింగుల్లో చూపించాలి. పాత టేపుల్లో అవ్వలు దాన్ని ఎక్కడా తప్పలేదు. వాళ్ల పిల్లలు, పక్కన 'రెండు' అన్న మాట ఉంటేనే వాడారు. మూడో తరం అంటే ఆ ముసలావిడే. ఆవిడ నోట అది సజీవంగా ఉందా లేదా అన్నదాని మీద చివరి అధ్యాయం ఆగి ఉంది.

పనికి మూడు నియమాలు. కంఠతా వచ్చింది లెక్కలోకి రాదు, ఎందుకంటే పద్యాల్లో, ప్రార్థనల్లో పాత రూపాలు వాటంతటవే నిలిచిపోతాయి. 'ఇద్దరం అని మీ భాషలో ఎలా అంటారు' అని అడిగి చెప్పించింది లెక్కలోకి రాదు. మూడోది, ఒకే రికార్డింగును ఇద్దరు విడివిడిగా విని రాయాలి. ఇద్దరికీ వినబడిందే లెక్క. ప్రొఫెసర్‌గారు ఈ మూడో నియమం దగ్గర మాత్రం రాయి. ఇద్దరు సాక్షుల మాట నాకు చిన్నప్పటినుంచీ బైబిలు వాక్యంలో విన్నదే కాబట్టి కొత్తగా అనిపించలేదు.

ఆ పిల్ల ముందు రెండుసార్లు తనే వెళ్లింది. లాప్‌టాప్ తెరిచి ప్రశ్నలు అడుగుతుంటే ఆవిడ మర్యాదగా ఇంగ్లీషులో జవాబిచ్చి, పది నిమిషాల్లో గుమ్మం దాకా సాగనంపిందట. మూడోసారి పెద్దదిక్కుగా నన్ను తీసుకెళ్లింది. ఆవిడ కేకు కోసి పెట్టింది. ఈ పిల్ల అప్పుడే ఒక ముక్క కొరికేసింది. నేను అలవాటు చొప్పున చెంగు తలమీదకి లాక్కుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ కూడా తల వంచుకుని ఉంది.

ప్రార్థన ఏ భాషలో చేశావని అడిగింది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే, నేను తెలుగు చేసి చెబుతున్నాను. తెలుగు అన్నాను. ఎంతమంది మాట్లాడతారంది. కోట్లమంది అన్నాను.

"అయితే మీ దేవుడికి పని ఎక్కువే," అందావిడ. "నా భాషలో ఇప్పుడు ఆయనతో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నాను. లైను ఎప్పుడూ ఖాళీయే."

తర్వాత ఆ పిల్లవైపు తిరిగి, వచ్చేసారి ఈమెను పంపు అంది. తిరుగు ప్రయాణంలో కారంతా నవ్వే. "ఆంటీ, మీరు నా సీక్రెట్ వెపన్. నేనే కేక్ తినేసి అంతా స్పాయిల్ చేశా," అంటూ ఉంది.

అలా రెండు వారాలకొక శనివారం నేను వెళ్లడం మొదలైంది. మూడున్నర గంటల డ్రైవ్. అంతకు ముందు హైవే మీద మా వారే నడిపేవారు. ఆయన పోయాక నేను గ్రోసరీకి కూడా లోపలి రోడ్ల మీదే వెళ్లేదాన్ని. ఆవిడ పుణ్యమా అని పెద్ద పెద్ద ట్రక్కుల మధ్య నడపడం నేర్చుకున్నాను. వెళ్లేసరికి బల్లమీద గుడ్డ పరిచి, చేత్తో కోసిన గుడ్డు నూడుల్స్ ఆరబెట్టి ఉండేది. కోడి పులుసులో ఉడికించి పెట్టేది. నేను నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్లేదాన్ని. రెండు చెంచాలు తిని, "ఇది తింటే చెవులు మేలుకుంటాయి," అనేది.

ఆవిడ భాష నాకు మాట్లాడడం రాదు, వింటే కొంత అర్థమవుతుంది. రూపాలు మాత్రం చెవికి తెలుసు. 'మాకు' అంటే 'నమ్'. 'మా ఇద్దరికి' అంటే 'నమయ్'. రికార్డరు ముందు ఆవిడ తన భాషలో పెళ్లి గురించి, భర్తతో కలిసి తవ్విన బావి గురించి, ఇద్దరే ఉన్న యాభై ఏళ్ల కాపురం గురించి చెప్పేది. అన్నింటికీ బహువచనమే. ప్రతి వాక్యం దగ్గరా నేను కాగితం మీద, 'ఇద్దరం' లేదని, అడ్డగీత పెట్టుకునేదాన్ని. తర్వాత ఆ పిల్ల విడిగా విని తనూ అడ్డగీతే పెట్టేది. 'ఇద్దరం' పోయింది, బహువచనం మింగేసింది అని అధ్యాయం దాదాపు తయారైంది.

భోజనానికి ముందు ప్రార్థన వంతులవారీగా చేసేవాళ్లం. ఒక శనివారం నేను తెలుగులో, ఇంకో శనివారం ఆవిడ సోర్బియన్‌లో. మా పుట్టింట్లో ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే పాలు పొంగుతున్నా సరే పొయ్యి ఆర్పి నిలబడాల్సిందే. రేడియో ఆపాలి, చేతిలో గరిటె కింద పెట్టాలి. అలా పెరిగిన చెయ్యి నాది. ఆవిడ తల వంచగానే రికార్డరు మీటకేసి దానంతటదే పోయేది. ఎర్ర దీపం ఆరిపోయేది. భోజనమయ్యి గిన్నెలు కడిగాక మళ్లీ వెలిగించేదాన్ని. ఇది ఆలోచించి చేసిన పని కాదు. లాగ్ పుస్తకంలో ప్రతిసారీ నిజాయితీగా రాశాను కూడా: ఆఫ్, ప్రార్థన. ఆన్, భోజనం తర్వాత. వెళ్లొచ్చినప్పుడల్లా ఆ పిల్ల చదివింది, ప్రొఫెసర్‌గారు చదివారు. కంఠతా ప్రార్థనలు లెక్కలోకి రావు కదా అని ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడది కంఠతా ప్రార్థన అని మాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం.

పదకొండోసారి వెళ్లింది ఈస్టర్‌కి ముందు, లెంటు ఉపవాసాల రోజుల్లో. ఆ వారమే మా వారు పోయిన రోజు. చెప్పకూడదనుకున్నాను, నూడుల్స్ వడ్డిస్తుంటే నోరు జారి చెప్పేశాను. ఆవిడ గరిటె కింద పెట్టింది. ప్రార్థన ఆ రోజు ఆవిడ వంతు. నేను మీట నొక్కాను, కళ్లు మూసుకున్నాను.

మామూలుగా ఆవిడ ప్రార్థనలో నేను చెవి పెట్టను. ఒకరు దేవుడితో మాట్లాడుతుంటే అడ్డగీతలు పెట్టుకోవడమేమిటి అని. ఆ రోజు చెవి దానంతటదే లేచింది. ఈ ఆహారం ఇచ్చినందుకు, అంది. నమయ్. ఈ రోజు ఇచ్చినందుకు, అంది. మళ్లీ నమయ్. మా ఇద్దరికి.

ఆమెన్ అన్నాక ఆవిడ తల ఎత్తి నావంక చూసింది. తర్వాత, "విన్నావా?" అంది.

"విన్నాను."

"ఎక్కడినుంచి వచ్చిందో చూడు. పోయిందనుకున్నాను."

మరి మీ ఆయన గురించి చెప్పేటప్పుడు ఎందుకు రాదు అని అడిగాను. అలా అడగకూడదు, అది రెండో నియమం. కానీ అప్పుడు నేను ఉద్యోగంలో లేను, భోజనం ముందు ఉన్నాను.

"ఆయన పోయాక మేమిద్దరం అంటే పక్కకి చూస్తాను," అంది. "మేమందరం అంటే చూడక్కర్లేదు. ఆ అందరిలో ఎక్కడో ఉంటాడులే అనుకోవచ్చు."

నూడుల్స్ చల్లారిపోయాయి. రికార్డరు నా పళ్లెం పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో, దీపం లేకుండా. దాన్ని వెలిగించి, ఏదీ ఆ మాట ఇంకోసారి అనండి అని అడగడం నాకు తోచలేదు. తోచి ఉంటే అడిగేదాన్నా? అడిగేదాన్ని కాదు. 

ఆ రోజు హైవే మీద భయమే తెలియలేదు. దారంతా స్తోత్రం చెప్పుకుంటూ వచ్చాను. ఇల్లు చేరగానే ఫోన్ చేసి, "ఉందమ్మా, బతికే ఉంది, నా చెవులతో విన్నాను," అన్నాను. ఆ పిల్ల కెవ్వుమంది. చాప్టర్ మొత్తం తిరిగిపోతుంది ఆంటీ, పోవడం అంటే మర్చిపోవడం కాదని చూపించొచ్చు, రెండో మనిషి లేక ఆగిపోయిందని రాయొచ్చు అని ఊపిరాడకుండా చెప్పుకుపోయింది. ఉన్నట్టుండి ఆగింది.

"ఆంటీ, ఆన్‌లో ఉందా?"

లాగ్ పుస్తకంలో రాసింది చదివాను: ఆఫ్, ప్రార్థన.

"లెవెన్ విజిట్స్, ఆంటీ," అంది మెల్లగా. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

సోమవారం ముగ్గురం కూర్చున్నాం. ప్రొఫెసర్‌గారు లాగ్ పుస్తకం మొదటినుంచీ తిరగేసి, ఇందులో నా సంతకం కూడా ఉంది, తప్పు నాది కూడా అన్నారు. కానీ ఒక్కరు విన్నది లెక్కలోకి తీసుకోలేనన్నారు. మీ మాట నమ్ముతాను, రాయలేను, అన్నారు. నేను వాదించలేదు. ఎవరో ఒకరు నాకు వినబడిందంటే చాలని ఉంటే, అన్నేళ్లుగా మేం కట్టిన లెక్కలకి విలువేముంది? ఆయన కుర్చీలో నేనున్నా అదే అందును.

అప్పుడు ఆ పిల్ల, అయితే రెండో చెవి నేనవుతాను, నేనూ వస్తాను అంది. ముగ్గురికీ అది చక్కగానే తోచింది. ఇంత చదువున్నవాళ్లం, ఇన్నాళ్లు ఇదే పని చేస్తున్నవాళ్లం, ఒక్కరికీ వెలగలేదు చూడండి.

ఈస్టర్ తర్వాత శనివారం ఇద్దరం వెళ్లాం. ప్రార్థనప్పుడు మెషీను ఆపకుండా ఉంచవచ్చా అని ముందే అడిగాను. ఆవిడ నవ్వి, ఆయన ఎలాగూ వింటాడు, మీరూ వినండి అంది. మూడో పళ్లెం పెట్టింది. ఈసారి ఆ పిల్ల కేకు జోలికి పోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నాకన్నా భక్తిగా కూర్చుంది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నా చెయ్యి మీటకేసి పోకుండా రెండో చేత్తో పట్టుకున్నాను. వంతు నాదైనా ఆవిడే ప్రార్థన చేసింది, సొంత మాటల్లోనే.

నమ్, అంది. ఈ ఆహారం మాకు ఇచ్చినందుకు.

కళ్లు తెరిస్తే ఆ పిల్ల నావంకే చూస్తోంది. బల్ల చుట్టూ చూసింది. ఆవిడ, నేను, తను. వేలితో బల్ల మీద మూడుసార్లు కొట్టుకుని పెదవి కొరుక్కుంది. తర్వాత నూడుల్స్ తినడం మొదలుపెట్టింది. ఆవిడ మాత్రం ఆ రోజు ఎంతో సంతోషంగా ఉంది. ఈ బల్ల దగ్గర ముగ్గురు కూర్చుని చాలా ఏళ్లయిందంది.

ఇంకో రెండు వారాలకి నేనొక్కదాన్నే, దీపం వెలిగించి ఉంచి, వెళ్లాలని అనుకున్నాం. ఆ శనివారం రాకముందే ఆ పిల్ల మా చర్చి గుమ్మం దగ్గరికి వచ్చింది.

కుర్చీలన్నీ మడిచి అందరూ వెళ్లిపోయాక మేమిద్దరం ఆ ఖాళీ హాల్లో నేలమీద కూర్చున్నాం. ఆ పిల్ల బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. మీరు విన్నది రాసి సైన్ చేయండి ఆంటీ, సార్‌తో ఫైట్ చేసి అయినా లోపల పెట్టిస్తాను అంది. రాశాను. రెండు వాక్యాలు, అందులో రెండు నమయ్‌లు, తర్వాత ఆవిడ అన్న మాటలు. సంతకం పెట్టాను. తర్వాత ఆ పిల్ల, "ఆంటీ, ఆమె కోసం మీరు ప్రే చేస్తారా ఇప్పుడు? నాకు రాదు," అంది. చేశాను. తను కళ్లు గట్టిగా మూసుకుంది, చిన్నపిల్లలా.

ఆ కాగితం లాగ్ పుస్తకం వెనక ఫైల్లో ఉంది. పట్టికలో మాత్రం మూడో తరం గడిలో సున్నా ఉంది. ఆ పిల్ల డాక్టరేట్ అందుకుంది, దేవునికి స్తోత్రం, ఇప్పుడు వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగం చేస్తోంది. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. ఆ సున్నా గురించి ఇద్దరం ఎత్తం. నేను ఆ మరుసటేడు రిటైరయ్యాను.

మీకు ఏమని చెప్పను? మెషీను ఆపకండి అని చెప్పడం తేలిక. ఆపే చెయ్యి కాకపోతే ఆవిడ నన్ను ఆ బల్ల దగ్గరికి రానిచ్చేదే కాదు. మళ్లీ ఆ రోజు వస్తే ఈ చెయ్యి ఏం చేస్తుందో, ఒట్టు వేసి చెప్పలేను. ఒక్కటి చెప్పగలను. మీరు పట్టికలో ఏ గడిలోనైనా సున్నా వేసే ముందు, ఆ మనిషి ఎదుట ఎవరైనా కూర్చుని ఉన్నారా అని చూడండి.

ఈ మధ్యే ఇంకోటి గమనించాను. మా వారు పోయి ఇన్నేళ్లయినా ఒంటరిగా పళ్లెం ముందు కూర్చుని, మాకు ఇచ్చిన ఈ ఆహారం, అనే అంటున్నాను. ప్రార్థనలో 'నాకు' అనడం అమ్మ నేర్పలేదు. ఆ 'మాకు'లో ఎంతమందో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఆవిడ ఒక్క రోజు, ఎవరూ అడగకుండా, లెక్కపెట్టింది. ఆ లెక్కలో రెండోదాన్ని నేను. అది విన్నవాళ్లలో భూమ్మీద మిగిలిందీ నేనే.

రెండో సాక్షి కావాలి కనుక అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా ఎవరితోనైనా ఇద్దరే భోజనానికి కూర్చుంటే, మొదటి ముద్దకి ముందు ఆ ముసలావిడను ఒక్కసారి తలుచుకోండి.